అతివేగం చలానా: యువత చదవవలసిన తీరు

ఒక రోడ్డు మీద ప్రభుత్వం నిర్ణయించిన గరిష్ఠ వేగాన్ని మించి వాహనం వెళ్లినట్టు యంత్రం నమోదు చేసిన సాక్ష్యంతో, ఆ వాహన యజమాని పేరిట అధికారులు జారీ చేసే జరిమానా నోటీసును అతివేగం చలానా అంటారు. తెలుగు రాష్ట్రాల్లో ఇది ఇప్పుడు ఎక్కువగా ఈ-చలానా రూపంలో, అంటే కాగితంతో పని లేకుండా సెల్‌ఫోన్‌కు వచ్చే సందేశంగా, ఆన్‌లైన్‌లో చూసుకోగల ఫొటోతో సహా అందుతుంది. లైసెన్సు తీసుకున్న తొలి సంవత్సరాల్లోనే ఇలాంటివి ఒకటికి రెండు పోగైన యువతీయువకుల్లో సాధారణంగా మూడు రకాల స్పందనలు కనిపిస్తాయి: కొందరు దాన్ని తమ దురదృష్టంగా తలుస్తారు, కొందరు ఖజానా నింపుకోవడానికి పన్నిన వల అని విసుక్కుంటారు, మరికొందరు డబ్బు కట్టేసి మరచిపోతారు. మూడూ పైకి వేరువేరుగా ఉన్నా ఫలితం మాత్రం ఒక్కటే. ఏ రోజు, ఏ సమయానికి, ఏ చోట, ఎంత వేగంతో వెళ్లారన్న కచ్చితమైన సమాచారం చేతికి అందినా అది బండి నడిపే తీరులో ఏ మార్పూ తేకుండా వృథా అవుతుంది. చలానాను శిక్షగా మాత్రమే చూడకుండా, తన అలవాటు గురించి తనకు ఆలస్యంగా అందిన సమాచారంగా చదవగలిగినప్పుడే దాని వల్ల అసలు ప్రయోజనం కలుగుతుందని ఈ అధ్యాయం ప్రతిపాదిస్తుంది.

చట్టం నిర్ణయించిన హద్దులు

మోటారు వాహనాల చట్టం, 1988లోని 112వ సెక్షన్ ఏ వాహనాన్నైనా నిర్ణీత గరిష్ఠ వేగాన్ని మించి నడపడాన్ని నిషేధిస్తుంది, అంతేకాక ప్రజల భద్రత దృష్ట్యా గానీ రోడ్డు స్వభావం దృష్ట్యా గానీ కొన్ని ప్రాంతాల్లో మరింత తక్కువ పరిమితి విధించే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వాలకు ఇస్తుంది. ఒకే వాహనానికి ఒకే ప్రయాణంలో మూడు నాలుగు పరిమితులు వర్తించడానికి కారణం ఇదే. హైదరాబాద్ నుంచి విజయవాడకు 65వ జాతీయ రహదారి మీద వెళ్లే కారు, నాలుగు వరుసల ఖాళీ దారిలో ఒక పరిమితికి, ఊరు దగ్గరపడిన చోట మరో పరిమితికి, ఊళ్లో ప్రవేశించాక ఇంకో పరిమితికి లోబడి ఉంటుంది.

పరిమితిని ఉల్లంఘించినవారికి శిక్షను 183వ సెక్షన్ చెబుతుంది. 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం తేలికపాటి వాహనానికి జరిమానా 1,000 నుంచి 2,000 రూపాయలు, మధ్యరకం, భారీ వాహనాలకు 2,000 నుంచి 4,000 రూపాయలు కాగా, రెండోసారి పట్టుబడితే లైసెన్సును స్వాధీనం చేసుకునే వీలుంది. అక్కడికక్కడ వసూలు చేసే మొత్తం మాత్రం ఆయా రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వులను బట్టి మారుతుంది. వేగంగా వెళ్లడం వేరు, ప్రమాదకరంగా నడపడం వేరు అన్న తేడాను కూడా చట్టం పాటిస్తుంది. ప్రజలకు అపాయం కలిగించే వేగంతో గానీ పద్ధతిలో గానీ నడిపితే 184వ సెక్షన్ వర్తిస్తుంది, దాని కింద జైలుశిక్షకూ అవకాశం ఉంది. వీటికి తోడు, సుప్రీంకోర్టు నియమించిన రోడ్డు భద్రతా కమిటీ 2015లో అతివేగం వంటి ఉల్లంఘనలకు కనీసం మూడు నెలలు లైసెన్సు సస్పెండ్ చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది.

పద్దెనిమిదేళ్లు నిండనివారి విషయంలో చట్టం మరింత కఠినంగా ఉంటుంది. 2019 సవరణతో చేరిన 199ఎ సెక్షన్ ప్రకారం, మైనరు చేసిన మోటారు వాహన నేరానికి తల్లిదండ్రులు లేదా వాహన యజమాని బాధ్యులవుతారు. వారికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు, వాహనం రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దవుతుంది, నడిపిన మైనరుకు 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు పొందే అర్హత ఉండదు. ఇంటర్ చదివే పిల్లవాడికి బండి తాళాలు ఇచ్చే ముందు ఇంట్లో పెద్దలు తెలుసుకోవలసిన మొదటి సంగతి ఇది.

యంత్రం వేగాన్ని కొలిచే విధానం

ఒక్క సాక్షి తన కంటి అంచనాతో వేగంగా వెళ్లాడని చెప్పినంత మాత్రాన, ఆ అంచనాకు యాంత్రిక లేదా ఎలక్ట్రానిక్ పరికరం ఆధారం లేకపోతే, ఎవరినీ దోషిగా నిర్ధారించకూడదని 183వ సెక్షనే నిర్దేశిస్తుంది. అందువల్ల వేగాన్ని కొలిచే పరికరాలకు ప్రాధాన్యం ఏర్పడింది. రాడార్ గన్ రేడియో తరంగాలను పంపి, కదిలే వాహనాన్ని తాకి తిరిగొచ్చిన తరంగం పౌనఃపున్యంలో, అంటే సెకనుకు జరిగే కంపనాల సంఖ్యలో, వచ్చిన మార్పును బట్టి వేగాన్ని లెక్కిస్తుంది. లేజర్ గన్ పరారుణ కాంతిని అతి స్వల్ప వ్యవధుల్లో వరుసగా పంపి, అది తిరిగి రావడానికి పట్టిన కాలం నుంచి దూరాన్ని, ఆ దూరం తగ్గుతున్న తీరు నుంచి వేగాన్ని రాబడుతుంది.

2019 సవరణలో వచ్చిన 136ఎ సెక్షన్ ఎలక్ట్రానిక్ నిఘాకు చట్టబద్ధత కల్పించగా, 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో చేర్చిన 167ఎ నిబంధన దాని పద్ధతిని వివరించింది. పరికరానికి ఆమోద ధ్రువపత్రం ఉండాలి, దాన్ని ఏటా పునరుద్ధరించాలి; నిఘా ఉన్న మార్గాల్లో ముందుగా హెచ్చరిక బోర్డులు పెట్టాలి; ఉల్లంఘన జరిగిన పదిహేను రోజుల్లోగా నోటీసు పంపాలి. చలానాను సందేహించేవారికి ఈ నిబంధనలు ఒక రక్షణ అయితే, దాన్ని కేవలం వల అని కొట్టిపారేసేవారికి ఒక సమాధానం కూడా.

శిక్ష ఒక్కటే ఎందుకు చాలదు

ఇటలీకి చెందిన న్యాయతత్త్వవేత్త చెజారే బెక్కారియా 1764లో వెలువరించిన గ్రంథంలో, శిక్ష ఎంత కఠినమైనదన్న దానికంటే అది ఎంత కచ్చితంగా, ఎంత త్వరగా పడుతుందన్నదే నేరాన్ని ఎక్కువగా నిరోధిస్తుందని వాదించాడు. ఈ కొలమానంతో చూస్తే చలానాకు రెండు బలహీనతలు ఉన్నాయి. కెమెరా అన్ని చోట్లా ఉండదు కనుక నూటికి తొంభై తొమ్మిదిసార్లు హద్దు దాటినా ఏమీ జరగకపోవచ్చు. జరిగినప్పుడు కూడా సందేశం వచ్చేసరికి రోజులు గడిచి, ఆ రోజు యాక్సిలరేటరు ఎందుకు తొక్కారో నడిపినవారికే గుర్తుండదు. ఇలాంటి పరిస్థితిలో మనసు నేర్చుకునే పాఠం వేగం తగ్గించాలన్నది కాదు, కెమెరా దగ్గర వేగం తగ్గించాలన్నది మాత్రమే. కెమెరా కనిపించగానే బ్రేకు వేసి, దాటగానే మళ్లీ వేగం పెంచే ఈ ధోరణి అనేక దేశాల్లో రవాణా ఇంజినీర్లు గమనించినదే, పైగా వెనక వచ్చే వాహనానికి ఈ హఠాత్తు బ్రేకు కొత్త ప్రమాదాన్ని సృష్టిస్తుంది.

రాయితీల కోసం ఎదురుచూసే అలవాటు ఈ బలహీనతను ఇంకా పెంచుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2022లోనూ, 2023 డిసెంబరు చివరలోనూ పెండింగ్ చలానాలపై భారీ రాయితీ ప్రకటించినప్పుడు బకాయిలు పెద్ద ఎత్తున వసూలయ్యాయి గానీ, చలానా వస్తే వెంటనే కట్టనక్కర్లేదు, ఎప్పుడో ఒకప్పుడు తగ్గింపు ఇస్తారులే అన్న ఆలోచనకు కూడా అది ఊతమిచ్చింది. యువతకు ఇక్కడ జరిగే అసలు నష్టం డబ్బుది కాదు. కట్టడం వాయిదా పడేకొద్దీ ఆ సందేశాన్ని తెరిచి, ఫొటో చూసి, కారణం ఆలోచించడం కూడా వాయిదా పడుతుంది.

వేగం తెలియకపోవడానికి కారణాలు

హద్దు దాటిన యువకుల్లో చాలామంది తాము అంత వేగంగా వెళ్లలేదని నిజంగానే నమ్ముతారు, ఆ నమ్మకానికి మనస్తత్వశాస్త్రంలో కనీసం మూడు వివరణలు ఉన్నాయి. మొదటిది వేగానికి అలవాటు పడటం: అధిక వేగంతో కొంతసేపు ప్రయాణించిన తర్వాత ఇంద్రియాలు దాన్నే మామూలుగా స్వీకరిస్తాయి కనుక, తగ్గించిన వేగం ఉన్నదానికంటే తక్కువగా తోస్తుంది. హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్ల పొడవున్న ఔటర్ రింగ్ రోడ్డు మీద, కార్లకు 120 కిలోమీటర్ల దాకా అనుమతి ఉన్న వరుసల్లో అరగంట నడిపి గచ్చిబౌలి దగ్గరో శంషాబాద్ దగ్గరో కిందికి దిగినవారికి, సర్వీసు రోడ్డు మీద 80 కిలోమీటర్ల వేగం కూడా పాకుతున్నట్టు అనిపించడం ఇందువల్లనే. ఇంజను శబ్దం, గాలి హోరు లోపలికి రాని కొత్త కార్లలో ఈ భ్రమ ఎక్కువ.

రెండోది సామర్థ్యంపై అతినమ్మకం. స్వీడన్ మనస్తత్వవేత్త ఓలా స్వెన్సన్ 1981లో ప్రచురించిన అధ్యయనంలో పాల్గొన్న అమెరికన్ డ్రైవర్లలో 93 శాతం మంది నైపుణ్యంలో తాము సగం మంది కంటే మెరుగని చెప్పుకున్నారు. గణితం ప్రకారం అది అసాధ్యం. నేర్చుకున్న ఏడాది రెండేళ్లలో చిన్న గీత కూడా పడకుండా నడిపిన యువకుడికి ఈ నమ్మకం మరింత గట్టిపడుతుంది, ఎందుకంటే ప్రమాదం జరగకపోవడాన్ని అతడు అదృష్టానికి కాక తన నేర్పుకు రుజువుగా తీసుకుంటాడు.

మూడోది పక్కనున్నవారి ప్రభావం. మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ 2005లో ప్రచురించిన ప్రయోగంలో, తోటివారు చూస్తుండగా కారు ఆట ఆడిన కౌమారులు, యువకులు ఒంటరిగా ఆడినప్పటి కంటే ఎక్కువ తెగింపు చూపగా, అంతకంటే పెద్ద వయసువారిలో ఆ తేడా అంతగా కనిపించలేదు. వెనక సీట్లోంచి "తొక్కరా, ఏంటి ఈ నత్తనడక!" అన్న మాట వినిపించినప్పుడు కాలు దానంతటదే కిందికి ఒరగడం కేవలం వ్యక్తిగత బలహీనత కాదు, ఆ వయసుకు సహజమైన ఒత్తిడి, దాన్ని ముందే ఊహించి సిద్ధపడవచ్చు. గడువులోగా పార్సిల్ చేర్చవలసిన డెలివరీ ఉద్యోగంలో ఉన్న యువకులపై ఇదే ఒత్తిడి పని రూపంలో ఉంటుంది.

కలిసొచ్చే నిమిషాలు, పెరిగే దూరం

వేగం వల్ల ఆదా అయ్యే సమయాన్ని మనుషులు పొరపాటుగా అంచనా వేస్తారు, ముఖ్యంగా అప్పటికే వేగంగా వెళ్తున్నప్పుడు అదనపు వేగం ఇచ్చే లాభాన్ని ఎక్కువగా ఊహించుకుంటారు. ముప్పై కిలోమీటర్ల దూరాన్ని 60 కిలోమీటర్ల వేగంతో అరగంటలో, 80తో ఇరవై రెండున్నర నిమిషాల్లో చేరుకోవచ్చు. కానీ అదే దూరానికి 120తో పదిహేను నిమిషాలు, 140తో దాదాపు పదమూడు నిమిషాలు పడుతుంది. రెండు చోట్లా పెంచిన వేగం ఇరవై కిలోమీటర్లే అయినా, మొదటి సందర్భంలో ఏడున్నర నిమిషాలు కలిసిరాగా రెండో సందర్భంలో మిగిలేది రెండు నిమిషాల పైచిలుకు మాత్రమే. ఆ రెండు నిమిషాలు టోల్ గేటు దగ్గరి వరుసలోనో, దిగిన తర్వాత వచ్చే మొదటి సిగ్నల్ దగ్గరో కరిగిపోతాయి.

నష్టం మాత్రం ఇందుకు విరుద్ధంగా, వేగం వర్గంతో పాటు పెరుగుతుంది. కదిలే వస్తువులోని గతిశక్తి వేగం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది కనుక 60 నుంచి 80కి వెళ్లినప్పుడు వేగం మూడో వంతు పెరిగితే, ఢీకొన్నప్పుడు విడుదలయ్యే శక్తి దాదాపు 78 శాతం పెరుగుతుంది. దీన్నే ఆగే దూరం రూపంలో చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. అడ్డంకిని గమనించి బ్రేకు మీద కాలు వేయడానికి ఒకటిన్నర సెకను పడుతుందని, పొడి రోడ్డు మీద బ్రేకులు సెకనుకు సెకనుకు ఆరు మీటర్ల చొప్పున వేగాన్ని తగ్గిస్తాయని అనుకుంటే, 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం దాదాపు 48 మీటర్లలో ఆగుతుంది. అదే చోట అదే అడ్డంకిని చూసిన 80 కిలోమీటర్ల వాహనంలో, స్పందించేలోగానే 33 మీటర్లు గడిచిపోయి, మొదటి వాహనం పూర్తిగా ఆగిన స్థానానికి వచ్చేసరికి రెండోది ఇంకా 64 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతూ ఉంటుంది. ఇరవై కిలోమీటర్ల తేడా, ఢీకొనే చోట అరవై నాలుగు కిలోమీటర్ల తేడాగా మారుతుందన్నమాట.

కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ వార్షిక నివేదిక ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా 1,68,491 మంది రోడ్డు ప్రమాదాల్లో మరణించగా, అందులో 71.2 శాతం మరణాలు అతివేగం కారణంగా నమోదయ్యాయి, మృతుల్లో 66.5 శాతం మంది 18 నుంచి 45 ఏళ్ల మధ్యవారు. పోలీసులు కారణాన్ని నమోదు చేసే పద్ధతిలో అతివేగం విస్తృతమైన వర్గమే అయినా, పై లెక్కతో కలిపి చూసినప్పుడు ఆ అంకె ఆశ్చర్యం కలిగించదు.

చలానా వచ్చాక చేయవలసిన పనులు

మొదట అది నిజమైన చలానాయేనా అన్నది తేల్చుకోవాలి. చలానా పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ పంపి, దాన్ని ఫోన్‌లో వేసుకోగానే బ్యాంకు వివరాలు దొంగిలించే మోసాలు జరుగుతున్నాయి కాబట్టి సందేశంలోని లింకును నొక్కకుండా, కేంద్ర రవాణా శాఖవారి పరివాహన్ ఈ-చలానా పోర్టల్‌ను గానీ రాష్ట్ర పోలీసుల వెబ్‌సైట్‌ను గానీ స్వయంగా తెరిచి, వాహనం నంబరుతో వెతకాలి. ఆ తర్వాత ఫొటోలోని నంబరు ప్లేటు, వాహనం రకం, రంగు తమవేనా అని పరిశీలించాలి. వేరొకరు అదే నంబరు తగిలించుకుని తిరుగుతున్నట్టు తేలితే డబ్బు కట్టడం కాక ఫిర్యాదు చేయడమే సరైన మార్గం. వాహనం తమదే అయి, కొలతపై సహేతుకమైన అభ్యంతరం ఉంటే కోర్టులో తేల్చుకునే హక్కు ఉంది. అభ్యంతరం లేనప్పుడు రాయితీ కోసం ఆగకుండా వెంటనే కట్టడం మేలు.

నోటీసు వాహన యజమాని పేరిట వస్తుంది కనుక, తండ్రి బండి నడిపిన కొడుకు వేగం గురించి మొదట తెలిసేది తండ్రికే. ఆ సమయంలో వాహనం ఎవరు నడిపారో పోలీసులు అడిగితే చెప్పవలసిన బాధ్యతను 133వ సెక్షన్ యజమానిపై ఉంచింది. ఇంట్లో ఈ సందర్భం సాధారణంగా తిట్లతో మొదలై మౌనంతో ముగుస్తుంది. అంతకంటే ఉపయోగకరమైన ఏర్పాటు ఏమిటంటే, జరిమానా నడిపినవారి జేబులోంచే వెళ్లాలని ముందే ఒప్పందం చేసుకోవడం, చలానాను ఇద్దరూ కలిసి తెరిచి చూడటం, ఆ రోజు ఏ పని మీద, ఎవరితో, ఎంత ఆలస్యంగా బయలుదేరారో ప్రశాంతంగా గుర్తు చేసుకోవడం.

సమాచారాన్ని అలవాటుగా మార్చడం

చలానాలో తేదీ, సమయం, చోటు, వేగం అనే నాలుగు వివరాలు ఉంటాయి. వీటి పక్కన ఐదోదిగా కారణాన్ని రాసుకోవడం తొలి అభ్యాసం. రెండు మూడు చలానాలు వరుసగా రాసేసరికి ఒక క్రమం బయటపడుతుంది: కొందరికి అవన్నీ ఉదయం కాలేజీకి ఆలస్యమైన రోజులవి, కొందరికి స్నేహితులు వెంట ఉన్న శనివారం రాత్రులవి, కొందరికి ఫ్లైఓవర్ దిగే ఒకే ఒక్క మలుపువి. ఉదయం సమస్య ఉన్నవారికి మందు రోడ్డు మీద లేదు, పది నిమిషాలు ముందు లేవడంలో ఉంది. స్నేహితుల సమస్య ఉన్నవారు, బండి ఎక్కకముందే ఒక సిద్ధమైన జవాబు పెట్టుకోవాలి. "మెసేజ్ మా నాన్న ఫోన్‌కి పోతుందిరా" అన్న ఒక్క మాట, పరువు పోకుండా ఒత్తిడిని తప్పించుకోవడానికి చాలామందికి పనికొస్తుంది.

రెండో అభ్యాసం, రోజుల తర్వాత వచ్చే సమాచారానికి బదులు క్షణాల్లో అందే సమాచారాన్ని ఏర్పాటు చేసుకోవడం. 2019 జూలై 1 తర్వాత తయారైన కార్లలో 80 కిలోమీటర్లు దాటితే ఉండుండి, 120 దాటితే ఆగకుండా మోగే హెచ్చరిక తప్పనిసరి అయింది. దాన్ని చికాకుగా భావించి తీయించేయడం కంటే, పక్కనే కూర్చుని చెప్పే పెద్దమనిషి మాటగా వినడం మంచిది. నగరంలో పరిమితి ఇంకా తక్కువ కనుక, ఫోన్‌లోని మ్యాప్‌లో వేగ హెచ్చరికను కూడా పెట్టుకోవచ్చు. ద్విచక్ర వాహనదారులకు ఈ సౌకర్యాలు తక్కువ కాబట్టి, కొత్త బోర్డు కనిపించిన ప్రతిసారీ, ర్యాంపు దిగిన ప్రతిసారీ, ఊరు మొదలైన ప్రతిసారీ స్పీడోమీటరు వైపు ఒక్క చూపు చూడటాన్ని నియమంగా చేసుకోవాలి. వేగానికి అలవాటు పడిన ఇంద్రియాలను నమ్మకుండా ముల్లును నమ్మడమే ఈ నియమంలోని సారం.

చదువు కోసం, ఉద్యోగం కోసం అమెరికా వెళ్లే తెలుగు యువతకు ఈ అభ్యాసం మరింత అవసరం. అక్కడ పోలీసు అధికారి స్వయంగా ఆపి టికెట్ ఇవ్వడం సాధారణం. చాలా రాష్ట్రాల్లో అది డ్రైవింగ్ రికార్డులో పాయింట్లుగా చేరి, బీమా ప్రీమియాన్ని పెంచుతుంది. వర్జీనియాలో గంటకు 85 మైళ్లు దాటడం గానీ, పరిమితికి 20 మైళ్లు లేదా అంతకు మించి వెళ్లడం గానీ నిర్లక్ష్యపు డ్రైవింగుగా, అంటే జైలుశిక్షకు వీలున్న నేరంగా పరిగణిస్తారు. ఆపినప్పుడు కారు దిగి ఎదురు వెళ్లడం అక్కడ మర్యాద కాదు, అనుమానానికి తావిచ్చే పని. చేతులు స్టీరింగు మీద కనిపించేలా ఉంచి సీట్లోనే కూర్చోవాలి.

మార్పును కొలిచే తీరు

చలానాలు ఆగిపోవడం అలవాటు మారిందనడానికి రుజువు కాదు. కెమెరాలు ఎక్కడ ఉన్నాయో తెలిసినా, దారి మారినా, కేవలం అదృష్టం కలిసొచ్చినా అవి ఆగిపోవచ్చు. సరైన కొలత ఏమిటంటే, నిఘా లేదని తెలిసిన మార్గంలో, ఒంటరిగా, ఆలస్యమైన రోజున స్పీడోమీటరు చూపే అంకె. నెలకు ఒకసారి అలాంటి ప్రయాణంలో ఆ అంకెను గుర్తుపెట్టుకుని, ఆగిన తర్వాత పాత చలానాలోని అంకెతో పోల్చుకోవాలి. ఆ రెండింటి మధ్య దూరం పెరుగుతూ, బోర్డు మీది పరిమితికి దగ్గరవుతూ ఉంటే, కట్టిన జరిమానాకు తగిన ప్రతిఫలం దక్కినట్టే. పెరగకపోతే ఎన్ని జరిమానాలు కట్టినా ఆ డబ్బు ప్రభుత్వానికి చేరుతుంది గానీ నేర్చుకోవలసిన సంగతి నడిపినవారికి ఇంకా చేరలేదని అర్థం.